సుబేదారు గారి దగ్గు

భారత సైన్యంలో మా తాతలాగా దగ్గినవాడు ఇంతవరకూ పుట్టలేదు, ఇక పుట్టబోడు. పద్దెనిమిదేళ్ళ వయసులో కాకినాడ రిక్రూటింగ్ మైదానంలో ఆయన దగ్గిన దగ్గుకు డాక్టరు చేతిలో పెన్ను జారిపడిందనీ, సరిహద్దు అవతలివాళ్ళు అది ఫిరంగి అనుకుని ఆ ఏడాదికి యుద్ధం మానుకున్నారనీ మా పక్క పేట మునిర్కాలో నా స్నేహితులందరికీ చెప్పాను. వాళ్ళు నమ్మలేదు. దగ్గిన మాట మాత్రం నిజం. సైన్యంలో చేరడానికి వచ్చిన కుర్రాళ్ళను బట్టలు విప్పించి వరసలో నిలబెడతారు. డాక్టరు ఒక్కొక్కడి బీజాల కింద చెయ్యి పెట్టి దగ్గమంటాడు. పేగు జారి ఉంటే ఆ దగ్గుకి చేతికి తగులుతుంది. తాతకు ముందున్న కుర్రాడు అక్కడే ఫెయిలై, చొక్కా చేత్తో పట్టుకుని ఏడుస్తూ వెళ్ళాడట. తాత దగ్గి పాసయ్యాడు.

తాత పేరు రామమోహనరావు. పుట్టింది అమలాపురం పక్కన, రిటైరయ్యింది సైన్యంలో వార్తలు చేరవేసే సిగ్నల్స్‌లో సుబేదారుగా. ఇప్పుడు ఉండేది దేశ రాజధానిలో, ఆర్.కె. పురంలో, మా నాన్న రంగనాథ్‌కి ప్రభుత్వం ఇచ్చిన క్వార్టర్లో. నేను ఆయన మనవరాలు సాత్వికను. బి.కామ్ రెండో ఏడాదిలో నేను కాలేజీని వదిలేశానో, కాలేజీ నన్ను వదిలేసిందో మా ఇంట్లో ఇంకా తేలలేదు. అమ్మా నాన్నా ఆఫీసులకు పోతారు కాబట్టి పగలు తాతకీ నాయనమ్మకీ డ్రైవర్నీ, మందుల షాపు దూతనీ నేనే. తెలుగు రాయడం నేర్పింది కూడా తాతే. తప్పు రాసినప్పుడల్లా బాల్కనీ చుట్టూ పరుగెత్తించేవాడు. అందుకే నాకు ఒత్తులు తక్కువ, ఊపిరి ఎక్కువ. నన్ను ఆయన 'రంగ్రూట్' అని పిలుస్తాడు. అంటే కొత్తగా చేరిన సిపాయి. ఇన్నేళ్ళొచ్చినా నాకు ప్రమోషన్ లేదు.

తాత బతుకంతా ఒక మాట చుట్టూ తిరిగింది. ఆ మాట కేటగిరీ. సైన్యంలో ప్రతి ఏడూ మెడికల్ బోర్డు డాక్టర్లు ఒళ్ళు పరీక్ష చేసి ఒక కేటగిరీ ఇస్తారు. అన్నీ బాగుంటే షేప్-వన్. చెవి మందగించినా, మోకాలు పట్టేసినా కేటగిరీ పడిపోతుంది. కేటగిరీ పడితే ప్రమోషన్ ఆగుతుంది, మంచి పోస్టింగు ఆగుతుంది. అందుకని జవాన్లు ఒక విద్య నేర్చుకున్నారు. ఒంట్లో ఏదున్నా డాక్టరుకు చెప్పకపోవడం. తాత తేజ్‌పూర్‌లో మలేరియాతో వణుకుతూ పరేడ్ చేశాడు. లేహ్‌లో కాలివేలు మంచుకు నల్లబడితే మేజోడు బిగించి తిరిగాడు. ఈ కథలు మా నాన్నకు చిన్నప్పుడు వీరగాథల్లాగా చెప్పేవాడు. నాకూ అలాగే చెప్పాడు. సర్వీసు అయిపోయి పాతికేళ్ళు దాటినా ఆ విద్య మాత్రం మర్చిపోలేదు. జలుబు చేసినా ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి తుమ్ముతాడు.

కిందటి చలికాలం ముందు ఆయనలో చిన్న చిన్న మార్పులు వచ్చాయి. పొద్దున నడక మానేశాడు. పొగమంచు అన్నాడు. పొగమంచు ఇంకా రాలేదు. నా చిన్నప్పటినుంచీ ఇస్త్రీ ప్యాంటులో తప్ప గుమ్మం దాటని మనిషి వదులు లుంగీలో తిరగడం మొదలుపెట్టాడు. ఆటో ఎక్కితే సీటు మీద దిండు వేసుకునేవాడు. నేను దాన్ని సింహాసనం అని ఎగతాళి చేశాను. నవ్వాడు గానీ ఎప్పటిలా సరదాగా నన్ను కొట్టడానికి చెయ్యి ఎత్తలేదు. అక్కడే నాకు అనుమానం వచ్చి ఉండాల్సింది.

ఆ తర్వాత వంటింట్లో టార్చిలైటు కనబడకుండా పోయింది. నాయనమ్మ మాణిక్యాంబ దాన్ని గ్యాసు బండ వెనక బొద్దింకలు వెతకడానికి వాడుతుంది. వెతగ్గా వెతగ్గా అది బాత్రూంలో కిటికీ మీద దొరికింది. మా క్వార్టర్లలో కరెంటు పోదు. పట్టపగలు బాత్రూంలో టార్చితో ఏం పని అని నేను అడిగితే బల్లి అన్నాడు. తర్వాత ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, బజార్లో అన్నిటికన్నా జోరుగా వెలిగే టార్చి ఒకటి తెమ్మన్నాడు. మునిర్కా సందుల్లో వెతికి, కళ్ళల్లో కొడితే చుక్కలు కనబడేది ఒకటి తెచ్చాను. దాంతో బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు ఉన్నాడు. బయటికి వచ్చాక టార్చిని నా చేతిలో పెట్టి, ఇది పనికిరాదు, వాపస్ ఇచ్చేయమన్నాడు. నేను గోడ మీద వేసి చూశాను. గోడ తెల్లగా మెరిసింది. బాగానే ఉంది కదా తాతా అంటే, లోపలికి పోయి అటు తిరిగి పడుకున్నాడు.

కొన్ని రోజులకు, బీపీ చూపించుకోవాలి, మునిర్కాలో ఒక డాక్టరు ఉన్నాడు తీసుకెళ్ళు అన్నాడు. మాజీ సైనికుల పాలీక్లినిక్ ఉండగా మునిర్కా ఎందుకని అడిగాను. అక్కడ రికార్డులో ఎక్కుతుంది అన్నాడు. బీపీ రికార్డులో ఎక్కితే ఏమవుతుందో నాకు తెలియలేదు. దిండు వేసుకుని నా స్కూటీ వెనక పక్కకు తిరిగి కూర్చున్నాడు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నా భుజం నొక్కేవాడు. ఆ నొక్కడంలోనే ఇది బీపీ కాదని నాకు తెలిసిపోయింది.

క్లినిక్ అంటే మెట్ల కింద ఒక గది. మధ్యలో పచ్చ కర్టెన్. కర్టెన్‌కి అవతల తాత, డాక్టరు. ఇవతల ప్లాస్టిక్ కుర్చీలో నేను. ఆ కర్టెన్ ఎంత పల్చగా ఉందంటే లోపలి మాటలన్నీ నా ఒళ్ళో వచ్చి పడ్డాయి. తాత తన మిలిటరీ హిందీలో చెబుతున్నాడు. కుడివైపు వరిబీజమట. రెండేళ్ళుగా ఉందట. నొప్పి లేదట. వాళ్ళ నాన్నకూ ఉండేదట, మా ఊళ్ళో ఇది ఇంటికొకటి అట. సూదితో నీళ్ళు తీసేయండి చాలు, ఎవరికీ తెలియనక్కర్లేదు అంటున్నాడు. డాక్టరు సరే అన్నాడు. ట్రేలో ఏదో గాజుది చప్పుడయింది.

అప్పుడు నాకు టార్చి గుర్తొచ్చింది. తాత చెప్పిన వీరగాథల్లో ఒకటి తేజ్‌పూర్ టెంటులో జరిగింది. ఒక సిపాయికి కింద వాచితే మలయాళీ నర్సింగ్ అసిస్టెంట్ టెంటులో దీపం ఆర్పి, వాపు వెనక టార్చి పెట్టాడట. అది ఎర్రగా దీపావళి కాగితపు లాంతరులాగా వెలిగిందట. టెంటంతా ఒకటే నవ్వు. నీళ్ళయితే వెలుగుతుంది, గడ్డయితే వెలగదు అని ఆ మలయాళీ చెప్పాడట. ఈ కథ నేను పదేళ్ళ పిల్లగా ఉన్నప్పటినుంచీ, నాయనమ్మ వద్దు వద్దంటున్నా, తాత నాకు చెబుతూనే ఉన్నాడు. మునిర్కా టార్చి ఎందుకు పనికిరాలేదో ఇప్పుడు అర్థమయింది.

నేను కర్టెన్ తియ్యలేదు. ఆ మర్యాద ఉంచాను. ఇవతలనుంచే హిందీలో గట్టిగా అడిగాను, అంకుల్, టార్చి వేసి చూశారా అని.

తాత తెలుగులో పళ్ళ మధ్యనుంచి అన్నాడు, "నోరుముయ్యి రంగ్రూట్."

"నువ్వు వేసి చూశావుగా తాతా. వెలగలేదుగా."

కాసేపటికి గదిలో లైటు ఆరింది. కర్టెన్ మీద డాక్టరు ఫోను వెలుగు కనబడింది. అది ఎక్కడా ఎర్రబడలేదు. మళ్ళీ లైటు వచ్చాక డాక్టరు సిరంజి ట్రేలో పెట్టిన చప్పుడు వినిపించింది. బాబూజీ, ఇందులో నీళ్ళు లేవు, ఇది నేను ముట్టుకోను, పెద్దాసుపత్రికి వెళ్ళండి, రేపే వెళ్ళండి అన్నాడు. ఫీజు కూడా తీసుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు స్పీడ్ బ్రేకర్ల దగ్గర కూడా తాత నా భుజం పట్టుకోలేదు. దిండు పట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు తాత రికార్డు మాట ఎత్తకుండా పాలీక్లినిక్‌కి వచ్చాడు, వాళ్ళు కంటోన్మెంటులోని మిలిటరీ ఆసుపత్రికి రాసిచ్చారు. అక్కడ సర్జన్ మేజర్ శ్రుతి. ఆడమనిషి అనేసరికి తాత వెనక్కి తిరిగాడు. నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. ఆవిడ వయసు మా నాన్న కన్నా తక్కువ, భుజాల మీద ర్యాంకు మాత్రం తాత కన్నా ఎక్కువ. ఆవిడ విసుక్కోలేదు, బతిమాలలేదు. సుబేదార్ సాబ్, స్క్రీన్ వెనక్కి రండి అంది. పాత సిపాయి కాళ్ళు వాటంతట అవే వెళ్ళాయి. నేను బయట బెంచీ మీద కూర్చుని, తలుపు సందులోంచి వస్తున్న చప్పుళ్ళు వింటున్నాను. తర్వాత ఆవిడ గొంతు వినిపించింది, దగ్గండి సాబ్ అని. ఆయన దగ్గాడు. ఫిరంగిలాగా ఏమీ లేదు. గొంతు ఎండిపోయిన ముసలాయన దగ్గు. ఇంకోసారి అంది ఆవిడ. ఆయన మళ్ళీ దగ్గాడు.

నన్ను లోపలికి పిలిచి ఆవిడ మా ఇద్దరికీ చెప్పింది. దగ్గితే చేతికి తగలడం లేదు కాబట్టి పేగు జారింది కాదు. వెలుగు పోవడం లేదు కాబట్టి నీళ్ళు కాదు. బీజం దాని మానాన అది మెత్తగా బాగానే ఉంది, గడ్డ దానికి పైన, రక్తనాళాలు వచ్చే తాడు మీద ఉంది. నొప్పి లేకుండా మెల్లగా పెరగడం మంచి లక్షణమని అనుకోకండి అంది. స్కానింగ్ తీశారు, రక్త పరీక్షలు చేశారు. సాకేత్‌లో ఒకచోట ఎమ్మారై. రిపోర్టులన్నీ వచ్చాక ఆవిడ మళ్ళీ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. రక్తంలో ఏమీ తేడా లేదు. ఎమ్మారైలో మాత్రం కొవ్వులాంటి గడ్డ, చిన్న కొబ్బరికాయంత. మామూలు కొవ్వు గడ్డయినా కావచ్చు, కొవ్వులో పుట్టే కాన్సరైనా కావచ్చు. రెండోది చాలా అరుదు, వరిబీజం అనుకుని ఏళ్ళతరబడి వదిలేసేవాళ్ళు ఎక్కువ. తీసి పరీక్ష చేస్తే తప్ప తెలియదు. తీసేది కిందనుంచి కాదు, గజ్జ దగ్గర కోసి, తాడూ బీజమూ గడ్డా విడదీయకుండా ఒకే ముక్కగా. అనుమానం ఉన్నచోట సూది గుచ్చితే, ఆ సూది దారినే కణాలు తోలుకి పాకే ప్రమాదం ఉంది. మునిర్కా డాక్టరు ఆగి మంచిపని చేశాడు అంది.

తాత అప్పటిదాకా తల ఊపుతున్నవాడు, సూది మాట దగ్గర ఆగిపోయాడు. వాళ్ళ నాన్నకు ప్రతి ఏడూ వేసవిలో కాంపౌండరు ఇంటికి వచ్చి ఇత్తడి చెంబు పెట్టి నీళ్ళు తీసేవాడని ఆవిడకు చెప్పాడు. చివరి ఏడు సూది గుచ్చితే నీళ్ళు రాలేదు, నెత్తురొచ్చింది. కాంపౌండరు పక్కన ఇంకోచోట గుచ్చాడు. మరుసటి వేసవికి ఆయన లేడు. వరిబీజం ముదిరి పోయాడని ఊళ్ళో అన్నారు. తాత అప్పుడు జబల్‌పూర్‌లో ట్రైనింగులో ఉన్నాడు.

"మా నాన్నది నిజంగా నీళ్ళేనా మేడం?" అని అడిగాడు.

మేజర్ శ్రుతి ఫైలు మూసింది. ఇప్పుడు చెప్పలేను అంది. ఆయన లేచి నిలబడి, సరే, ఆపరేషన్ చేయండి అన్నాడు.

మిగిలింది నాయనమ్మకు చెప్పడం. ఇంట్లో ఆ అవయవానికి పేరు లేదు. నాన్నకు నేను ఫోనులో చెబితే 'ఆ ప్రాబ్లమ్' అన్నాడు, అమ్మ ఇంకా చిన్నగా 'అదీ' అంది. ఆపరేషన్ తేదీ వచ్చాక కూడా నాయనమ్మ ముందు అందరూ హెర్నియా అంటూ తిరుగుతున్నారు. నన్ను చెప్పమని తాత అడిగాడు. నేను కుదరదన్నాను. రంగ్రూట్లు సుబేదారు తరఫున రిపోర్టు ఇవ్వరు అన్నాను. నా వైపు కోపంగా చూసి, లుంగీ విప్పి ఇస్త్రీ ప్యాంటు తొడుక్కున్నాడు. అది ఆయనకు ఎంత ఇబ్బందో నడకలో కనబడింది. వంటింటి గుమ్మంలో నిటారుగా నిలబడ్డాడు. నాయనమ్మ వంకాయలు తరుగుతోంది.

"మాణిక్యం, నా కేటగిరీ పడిపోయింది," అన్నాడు.

ఆవిడ తలెత్తి ఆయన్నీ, ఆ ప్యాంటునీ చూసింది. ఆయన చెప్పుకుపోయాడు. గడ్డ అన్నాడు, కుడి బీజం అన్నాడు, కాన్సరు కావచ్చు అన్నాడు. రెండేళ్ళనుంచి ఉందని కూడా చెప్పాడు. ఒక్కసారి కూడా హెర్నియా అనలేదు. ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఎవరూ పలకని మాటలన్నీ వంటింట్లో వంకాయ ముక్కల మధ్య వరసగా వచ్చి నిలబడ్డాయి.

నాయనమ్మ కత్తిపీట మడిచి పక్కన పెట్టింది. ఏడవలేదు. సూటిగా అడిగింది, "మీకు నేనెప్పుడు మెడికల్ బోర్డు పెట్టానండీ?"

ఆవిడ లేచి, ముందు ఆ ప్యాంటు విప్పండి, నడవలేకపోతున్నారు అని లుంగీ తెచ్చి ఇచ్చింది. ఆ పూట మా ఇంట్లో వంకాయ కూర లేదు. మర్నాడు ఉదయం తాత దిండు పాత గలీబు తీసేసి, మెత్తగా దూది కూరి, ఉతికిన గుడ్డ తొడిగి పెట్టింది.

ఆపరేషన్ రోజున నాన్న, నేను, నాయనమ్మ కంటోన్మెంటు ఆసుపత్రి వరండాలో కూర్చున్నాం. నాన్న ఆఫీసు ఫోన్లు ఎత్తి ఎత్తి, చివరికి ఫోను ఆపేశాడు. నాయనమ్మ దగ్గరికి జరిగి, నాన్నగారు నాకు కూడా చెప్పలేదమ్మా అన్నాడు. ఆవిడ, నీకు జ్వరమొస్తే నువ్వు మాత్రం ఆయనకు చెప్పేవాడివా, నువ్వూ ఆ బళ్ళోనే చదివావు అంది. ఆ మాట నాక్కూడా తగిలిందని వాళ్ళకు తెలియదు.

లోపలనుంచి వచ్చి మేజర్ శ్రుతి, అంతా ఒకే ముక్కగా వచ్చిందనీ, చుట్టూ అంటుకోలేదనీ చెప్పింది. ల్యాబు రిపోర్టు రావడానికి పట్టిన రోజుల్లో మా ఇంట్లో టీవీ పెట్టలేదు. పెట్టొద్దని ఎవరూ అనలేదు. తాత మంచం మీద కూర్చుని కిటికీలోంచి కింద పార్కులో నడిచేవాళ్ళను చూసేవాడు. ఒకరోజు నన్ను పిలిచి, ఒకటి పోతే మనిషి బరువు తప్పి ఒకవైపు ఒరుగుతాడా అని అడిగాడు. పరీక్ష చేద్దాం, లేచి నిలబడు అన్నాను. నిలబడ్డాడు. ఒరగడం లేదు, కానీ నీ నోరు కొంచెం ఎడమ పక్కకు వెళ్ళింది అన్నాను. చాలా రోజుల తర్వాత చెయ్యి ఎత్తాడు. ఆ దెబ్బ తగిలినప్పుడు నాకు సంతోషమేసింది.

రిపోర్టులో కాన్సరే వచ్చింది. కొవ్వు కణాల్లో పుట్టినది, మెల్లగా పెరిగే రకం. అంచుల్లో ఏమీ మిగల్లేదు. మందులూ, రేడియేషన్ కరెంటూ ప్రస్తుతానికి అక్కర్లేదన్నారు. అయితే ఈ రకానికి ఒక దుర్గుణం ఉందట. ఏళ్ళు గడిచాక కూడా అదే చోటికి తిరిగి వస్తుందట. అందుకని ఆరు నెలలకోసారి స్కానింగు, ఆ తర్వాత ఏడాదికోసారి, బతికినన్నాళ్ళూ. మధ్యలో చేతికి ఏమైనా తగిలితే అదే రోజు రావాలి, దాచకూడదు. ఆవిడ 'దాచకూడదు' అన్నప్పుడు తాత నేల చూశాడు.

మొదటి స్కానింగు అయింది. ఏమీ లేదు. రెండోది వచ్చే నెల. అది తలుచుకుంటే ఇంట్లో అందరి మాటా కాస్త తగ్గుతుంది. అయినా తాత మళ్ళీ పొద్దున నడుస్తున్నాడు, ఇప్పుడు నాయనమ్మతో. పార్కులో తోటి రిటైర్డ్ వాళ్ళు ఏమైందని అడిగితే హెర్నియా అనడం లేదు. అసలు పేరు చెబుతున్నాడు. అవతలివాళ్ళు ఇబ్బందిపడి చెప్పుల వైపు చూస్తారు. ఇద్దరు మాత్రం తర్వాత విడిగా వచ్చి, అంత జోరైన టార్చి ఎక్కడ దొరుకుతుందని అడిగారట. టార్చి కాదు, డాక్టరు దగ్గరికి పొండి అని తరిమాడు.

ఇదంతా రాసి నిన్న ఆయనకు చదివి వినిపించాను. ఒత్తులు తప్పితే మళ్ళీ బాల్కనీలో పరుగెత్తాల్సి వస్తుందని నిలబడే చదివాను. కళ్ళు మూసుకుని విన్నాడు. నాయనమ్మ గుమ్మంలో ఉంది. అయిపోయాక ఎలా ఉంది తాతా అని అడిగాను. ఆయన కళ్ళు తెరిచి, ముందు నాయనమ్మను చూసి, తర్వాత నన్ను చూశాడు.

"కేటగిరీ లేదు, గాడిదగుడ్డూ లేదు. మా నాన్నలాగా పోతానని భయమేసి దాచాను. అది రాయకుండా దగ్గు గురించి రాశావు, వెధవా."